పరీక్షకు, పట్టాకు నడుమ 30 ఏండ్లు: కుమారి కొర్నేలియా సొరాబ్జీ జీవితము

మన డయాసిస్ నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయమున తొలినాటి గురువులను, బడులు, ఆసుపత్రులు కట్టిన మిషనరీలను, గ్రామ సంఘములను నిలబెట్టిన పెద్దలను జ్ఞాపకము చేసికొనుట మన ధర్మము. వారిని గూర్చి ఈ సంచికలో ఇతరులు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన డయాసిస్‌కు గాని, మన తెలుగు సీమకు గాని చెందని ఒక స్త్రీని గూర్చి వ్రాయ తలచినాము. ఆమె ఒక పాదిరిగారి కుమార్తె. ఆమె కథ మన ఇండ్లకు చాల దగ్గరి కథ.

ఎందుకనగా, ప్రతి సంవత్సరము పరీక్షా ఫలితములు వెలువడిన తరువాత వచ్చు ఆదివారమున, ఉత్తీర్ణులైన పిల్లలను ముందుకు పిలిచి ప్రార్థన చేయుట మన గుడులలో అలవాటు. వారిలో ఆడపిల్లల సంఖ్య ఏటేట పెరుగుచున్నది. అందరము సంతోషించి, మిఠాయి పంచుకొని ఇండ్లకు పోవుదుము. మరుసటి సంవత్సరము ఆ పిల్ల ఎక్కడ ఉన్నదని అడుగువారు తక్కువ. ఫలితము వచ్చుట ఒకటి, ఆ ఫలితమునకు తగిన ఫలము చేతికి అందుట మరియొకటి. ఈ రెంటి నడుమ ఎంత దూరము ఉండగలదో కొర్నేలియా సొరాబ్జీ గారి జీవితము చూపినంత స్పష్టముగా మరేదియు చూపదని మా అభిప్రాయము.

పాదిరిగారి ఇల్లు

కొర్నేలియా గారు 1866 నవంబరు 15వ తేదీన నాసిక్ పట్టణమున జన్మించినారు. తండ్రి రెవరెండ్ సొరాబ్జీ ఖర్సేట్జీ గారు పార్సీ కుటుంబమున పుట్టి, యౌవనమున క్రీస్తును అంగీకరించి, చర్చి మిషనరీ సొసైటీ వారి పరిచర్యలో ఉండినారు. తల్లి ఫ్రాన్సీనా గారిని ఫోర్డు అను ఆంగ్ల దంపతులు దత్తత తీసికొని పెంచినారు. ఆ ఇంటి దొరసానిగారి పేరే కొర్నేలియా. తనను పెంచిన తల్లి పేరును ఫ్రాన్సీనా గారు తన కూతురికి పెట్టుకొన్నారు. అపొస్తలుల కార్యములు చదివిన మనకు కొర్నేలీ శతాధిపతి వలన ఆ పేరు క్రొత్తది కాదు.

ఆ దంపతుల సంతానములో ఆరుగురు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు బ్రతికినారు. అంతమంది ఆడపిల్లలున్న ఇంటికి ఆ కాలమున వచ్చి జాలిపడి పోవువారే గాని సంతోషించువారు తక్కువ. కాని ఫ్రాన్సీనా గారు పూనా పట్టణమున స్వయముగా విక్టోరియా హైస్కూలు స్థాపించి నడిపిన స్త్రీ. కూతుళ్ల చదువును ఆమె బరువుగా ఎంచలేదు. వారిలో సూసీ గారు పూనాలోనే విద్యాసేవకు జీవితమును అర్పించినారు. ఆలిస్ గారు సైన్సులో పట్టభద్రురాలై, వైద్యము చదివి, సరిహద్దు రాష్ట్రపు బన్నూలో మిషను వైద్యుడైన డాక్టరు పెన్నెల్ గారిని వివాహమాడినారు. ఇట్టి ఇంట కొర్నేలియా గారు పెరిగినారు.

మొదటి తలుపు

కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు మూడును 1857లో స్థాపింపబడినవి. స్త్రీలు వచ్చి పరీక్ష వ్రాయుదురను ఆలోచన వాటిని నెలకొల్పినవారికి కలగలేదు. కలకత్తాలో చంద్రముఖీ బసు, కాదంబినీ బసు అను ఇద్దరు 1883లో పట్టభద్రులైనారు. బొంబాయిలో ఆ స్థానము కొర్నేలియా గారిది. పూనాలోని దక్కను కళాశాలలో చేరిన మొదటి స్త్రీ ఆమె. అందరును మగపిల్లలే కూర్చున్న తరగతిలో ఒక్కతెయే ఆడపిల్ల ఉండుట ఎట్లుండునో మనలో కొందరు తల్లులకు తెలిసియే యుండును.

ఆమె 1888 నాటికి ప్రథమ శ్రేణిలో బి.ఏ. పట్టభద్రురాలైనారు. ఆ విశ్వవిద్యాలయమునకు ఆమె మొదటి పట్టభద్రురాలు. తుది పరీక్షలో తనతోటి వారందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నారు. ఆ స్థానము పొందిన విద్యార్థి ఇంగ్లండు వెళ్లి చదువుకొనుటకు ప్రభుత్వ విద్యార్థి వేతనము ఉండినది. తాను స్త్రీ అగుటచేత అది తనకు ఇయ్యలేదని 1934లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో ఆమె తెలిపినారు. పరీక్ష వ్రాయనిచ్చిరి, ముందు నిలువనిచ్చిరి, బహుమానము వచ్చు వేళకు చేయి వెనుకకు తీసికొనిరి.

పిమ్మట ఆమె అహమదాబాదులోని గుజరాతు కళాశాలలో కొంతకాలము ఆంగ్ల సాహిత్యము బోధించినారు. అది మగపిల్లల కళాశాల. ఇక్కడ ఒక విచిత్రము గమనింపవలెను. పురుషులకు పాఠము చెప్పుటకు తగిన విద్వత్తు ఆమెకు కలదని ఒప్పుకొన్న లోకమే, పురుషునికి ఇచ్చు విద్యార్థి వేతనమునకు ఆమె తగదని తీర్పు చెప్పినది.

చందాలతో చదువు

ప్రభుత్వము ఇయ్యని సొమ్మును స్నేహితులు పోగుచేసినారు. ఇంగ్లండులో మేరీ హాబ్‌హౌస్ గారు, అడిలైడ్ మానింగ్ గారు, ఫ్లారెన్స్ నైటింగేల్ గారు, సర్ విలియం వెడ్డర్‌బర్న్ గారు, మరికొందరు తలకొంత చందా వేసికొన్నారు. నైటింగేల్ గారి పేరు మన ఆసుపత్రులలో నర్సు చదివిన ప్రతి చెల్లికి తెలుసును. వెడ్డర్‌బర్న్ గారు 1889లో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినవారు. ఆ 1889లోనే కొర్నేలియా గారు ఓడయెక్కి ఆక్స్‌ఫర్డు చేరి, స్త్రీల కొరకు 1879లో తెరచిన సోమర్‌విల్ హాలులో ప్రవేశించినారు. భారతదేశము నుండి ఆ హాలునకు వెళ్లిన మొదటి విద్యార్థిని ఆమెయే.

ఆమె మనసు న్యాయశాస్త్రము మీద నిలిచినది. ఆ విద్యకు పెద్ద గ్రంథాలయము అవసరము. ఆల్ సోల్స్ కళాశాలలోని కాడ్రింగ్టన్ గ్రంథాలయమున న్యాయ గ్రంథములు విస్తారముగా కలవు. అక్కడ అంతకుముందు స్త్రీలెవరును పాఠకులుగా చేరియుండలేదు. ఆ కళాశాల పెద్ద సర్ విలియం ఆన్సన్ గారు 1890లో ఆమెను ఆహ్వానించి పాఠకురాలిగా చేర్చుకొన్నారు. చదువుకొను మనిషికి పుస్తకము చేతికి అందుటకంటె గొప్ప ఉపకారము లేదు. ఒక పురుషుడు తన అధికారము క్రింద ఉన్న ఒక్క తలుపు తీసినాడు. తన చేతిలో ఉన్న తలుపు తీయుటకు ఆయన శాసనముల కొరకు ఎదురుచూడలేదు.

పరీక్ష ఉన్నది, పట్టా లేదు

1892లో బి.సి.ఎల్. అను న్యాయశాస్త్రపు ఉన్నత పరీక్షకు ఆమె సిద్ధపడినారు. ఆ పరీక్షను అంతవరకు ఏ స్త్రీయు వ్రాయలేదు. స్నేహితులు విన్నపములు పెట్టగా, విశ్వవిద్యాలయ సభ ఆమె కొరకు ప్రత్యేకముగా ఒక తీర్మానము చేసినది. ఆమె పరీక్ష వ్రాసి ఉత్తీర్ణురాలైనారు. కాని పట్టా దొరకలేదు. ఆక్స్‌ఫర్డులో స్త్రీలు ఉపన్యాసములు వినవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును గాని పట్టా మాత్రము ఏ స్త్రీకి ఇయ్యరాదని ఆనాటి నియమము. ఇది ఒక్క భారతీయ స్త్రీకే జరిగిన అన్యాయము కాదు. అక్కడ చదివిన ఆంగ్ల స్త్రీలందరును అట్లే వట్టి చేతులతో ఇంటికి పోవుచుండిరి.

ఆమె లండనులో ఒక న్యాయవాదుల కార్యాలయమున కొంతకాలము పని నేర్చుకొని, 1893లో స్వదేశమునకు తిరిగి వచ్చినారు. ఆక్స్‌ఫర్డు చదువు ఇక్కడ వకీలు వృత్తికి చాలలేదు. సరేయని 1897లో బొంబాయి విశ్వవిద్యాలయపు ఎల్.ఎల్.బి. పరీక్ష ఇచ్చినారు. అదియు చాలలేదు. 1899లో అలహాబాదు హైకోర్టు వారి ప్లీడరు పరీక్ష ఇచ్చినారు. అందులోను గెలిచినారు. అయినను ఆమె పేరు వకీళ్ల పట్టికలో చేరలేదు. ఆమె తమ్ముడు డిక్ గారు బారిస్టరై అదే అలహాబాదులో వృత్తి చేసినారు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే బల్ల యొద్ద భోజనము చేసిన ఇద్దరిలో తమ్మునికి తెరచిన తలుపు అక్కకు మూసియుండెను. అక్కకు చదువు తక్కువయై కాదు.

ఒక పరీక్ష చాలదన్నారు, రెండవది వ్రాసినారు. రెండవది చాలదన్నారు, మూడవది వ్రాసినారు. లోపము ఆమె చదువులో ఉన్నట్లు లోకము చెప్పుచుండెను. నిజముగా లోపము నియమములో ఉండెను. నేడును మన ఆడపిల్లలకు ఈ మాట చెప్పవలసియున్నది. గౌరవము దొరకని చోటనెల్ల తమలోనే ఏదియో కొరత కలదని వారు కుమిలిపోరాదు.

ఘోషా వెనుక ఉన్నవారికి న్యాయము

కోర్టులో నిలువనియ్యని దినములలో ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆ కాలమున పెద్ద జమీందారీ కుటుంబముల స్త్రీలు అనేకులు ఘోషాలో ఉండిరి. పరపురుషుని ఎదుట మాటలాడరాదు. భర్త చనిపోయిన తరువాత భూములు, నగలు, గ్రామములు పేరునకు వారివే. కాని దివాను చెప్పినదే లెక్క, దాయాది చూపిన చోటనే వ్రేలిముద్ర. వకీళ్లందరును పురుషులే గనుక ఆ స్త్రీలు తమ కష్టము చెప్పుకొనుటకు మనిషి లేడు. కొర్నేలియా గారు మొదట కాఠియవాడ్, ఇందూరు సంస్థానములలో ప్రత్యేకానుమతితో ఇట్టి స్త్రీల పక్షమున విన్నపములు దాఖలు చేసినారు.

తరువాత 1902 నుండి ప్రభుత్వమునకు అర్జీలు పెట్టసాగినారు. ఘోషా స్త్రీలకును, తండ్రిలేని మైనరు పిల్లలకును సలహా చెప్పుటకు ఒక స్త్రీ న్యాయాధికారి ఉండవలెనని ఆమె కోరిక. 1904లో బెంగాలు కోర్టు ఆఫ్ వార్డ్సులో ఆమెను ఆ పనికి నియమించినారు. కోర్టు ఆఫ్ వార్డ్సు అనునది మైనర్ల, వితంతువుల ఎస్టేటులను ప్రభుత్వము తరఫున చూచు కార్యాలయము. మన తెలుగు జిల్లాలలోను జమీందారీలు అట్లు దాని పాలన క్రింద ఉండిన సంగతి పెద్దలు ఎరుగుదురు. 1907 నాటికి బెంగాలు, బీహారు, ఒరిస్సా, అస్సాము ప్రాంతములన్నియు ఆమె పనిలోనికి వచ్చినవి. సుమారు 20 ఏండ్లలో 600 మందికి పైగా స్త్రీలకు, అనాథ పిల్లలకు ఆమె సహాయము చేసినారని లెక్క. కొందరి యొద్ద ఏమియు పుచ్చుకొనలేదు. 1909లో ప్రభుత్వము కైసర్-ఇ-హింద్ బంగారు పతకము ఇచ్చినది.

సంఖ్యాకాండములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుటను, యాజకుని ఎదుటను, సర్వసమాజము ఎదుటను నిలిచి తమ తండ్రి స్వాస్థ్యము అడిగిన వృత్తాంతము మనకు తెలుసును. వారి మాట న్యాయమని తేలి, అప్పటినుండి అది ఇశ్రాయేలీయులకు విధియైనది. ఆ కుమార్తెలకు సమాజము ఎదుట నిలుచు అవకాశమైనను ఉండినది. రాణివాసపు గోడల వెనుక ఉన్నవారికి అదియు లేదు. వారి పక్షమున నిలిచిన ఈ పాదిరిగారి కుమార్తెకే న్యాయస్థానమున నిలుచు హక్కు లేకుండెను.

ఆలస్యముగా తెరచిన తలుపులు

1920లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టాలు ఇచ్చుటకు అంగీకరించినది. 1922లో కొర్నేలియా గారు తన బి.సి.ఎల్. పట్టా అందుకొన్నారు. పరీక్ష తేరినది 1892లో, పట్టా చేతికి వచ్చినది 1922లో. 25 ఏండ్ల ప్రాయమున సంపాదించినదానిని ఆమె 55 ఏండ్ల ప్రాయమున పొందినారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఇంకను ఆలస్యము చేసి 1948లో గాని స్త్రీలకు పూర్తి పట్టాలు ఇయ్యలేదు.

న్యాయవాద వృత్తిలోను అట్లే జరిగినది. 1916లో రెజీనా గుహ గారిని కలకత్తా హైకోర్టు, 1921లో సుధాంశుబాలా హజ్రా గారిని పాట్నా హైకోర్టు స్త్రీలన్న కారణము చేతనే నిరాకరించినవి. అలహాబాదు హైకోర్టు మాత్రము 1921లో కొర్నేలియా గారి పేరు తన పట్టికలో చేర్చుకొన్నది. ఆ కోర్టు పరీక్ష ఆమె తేరి అప్పటికి 22 ఏండ్లు గడచినవి. స్త్రీలకు ఈ వృత్తిలో అడ్డు ఉండరాదని దేశమంతటికి 1923లో చట్టము వచ్చినది. మరుసటి సంవత్సరము ఆమె కలకత్తాలో వృత్తి ప్రారంభించినారు.

ఇంతటితో కథ సుఖముగా ముగిసినదని వ్రాయుటకు మాకును ఇష్టమే. కాని నిజము అట్లు లేదు. కలకత్తాలో ఆమెకు దొరికిన పని కాగితముల మీద అభిప్రాయములు వ్రాసి ఇచ్చుట వరకే ఎక్కువగా ఉండినది. న్యాయస్థానమున లేచి వాదించు అవకాశము పురుష వకీళ్ల లోకము ఆమెకు ఇయ్యలేదు. చట్టము తలుపు తీసినను, లోపల కుర్చీ వేయువారు లేకపోయిరి. 1929లో ఆమె వృత్తి విరమించి లండనులో స్థిరపడినారు. 1954 జూలై 6వ తేదీన, 87 ఏండ్ల వయస్సున, అక్కడనే కన్నుమూసినారు. 2012లో లండనులోని లింకన్స్ ఇన్ న్యాయవాదుల సంస్థలో ఆమె ప్రతిమ ప్రతిష్ఠింపబడినది.

ఆమె అభిప్రాయములలో మనము ఒప్పుకొనలేనివి కొన్ని కలవు. ఆమె బ్రిటిషు పాలనను సమర్థించినారు, గాంధీగారి ఉద్యమమును వ్యతిరేకించినారు. భారతదేశమును నిందించుచు కాథరిన్ మేయో అను అమెరికను స్త్రీ 1927లో ప్రకటించిన గ్రంథమును మెచ్చుకొన్నారు. దానివలన దేశములోని అనేక స్త్రీ సంఘములు ఆమెకు దూరమైనవి. ఈ సంగతి దాచుట సత్యము కాదు. ఆమె చదువునకు చందా ఇచ్చినవారిలో కాంగ్రెసు అధ్యక్షుడు ఉండుట, ఆ కాంగ్రెసు మార్గమునే ఆమె కాదనుట, మనుష్యుల జీవితములు ఎంత చిక్కైనవో తెలుపుచున్నది. అయినను ఆమె పొందవలసినది ఆమెకు ఇయ్యకపోవుటకు ఇది కారణము కాదు. హక్కు అనునది మన మెప్పు పొందినవారికి ఇచ్చు బహుమతి కాదు.

ఆమె తరువాత

కొర్నేలియా గారికి విద్యార్థి వేతనము నిరాకరింపబడిన 45 ఏండ్లకు, అదే బొంబాయి విశ్వవిద్యాలయములో సైన్సు పరీక్ష నెగ్గిన మరియొక కన్య బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు పరిశోధన చేయుటకు వెళ్లినది. ఆమె పేరు కమలా భాగవత్. తరువాత కమలా సొహోనీ అని ప్రసిద్ధి పొందినారు. అది 1933వ సంవత్సరము. ఆ సంస్థకు పెద్దయైన సర్ సి.వి. రామన్ గారు స్త్రీయని మొదట కాదన్నారు. ఆమె పట్టు విడువలేదు. చివరకు ఒక సంవత్సరము పరిశీలనలో ఉంచి చూచెదమని షరతు మీద చేర్చుకొన్నారు. ఆమె పనిని చూచిన తరువాత రామన్ గారు ఇతర స్త్రీలకును ప్రవేశము కలిగించినారు. 1939లో కమలా గారు కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పొందినారు. విజ్ఞానశాస్త్రమున ఆ పట్టా పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమె.

నేడు సంఖ్యలు మారినవి. 2021-22 విద్యా సంవత్సరపు అఖిల భారత సర్వే ప్రకారము ఉన్నత విద్యలోని 4 కోట్ల 33 లక్షల విద్యార్థులలో స్త్రీలు 2 కోట్ల 7 లక్షలు. అనగా దాదాపు సగము. అధ్యాపకులలో వారు నూటికి 43 మంది. కాని పరిశోధకుల లెక్క చూచితిమా, ప్రపంచమంతటను కలిపి స్త్రీలు మూడింట ఒక వంతే. మొదటి మెట్టున సగము మంది ఉన్నవారు పై మెట్టునకు వచ్చుసరికి ఏల తగ్గుచున్నారు? నియమములు నేడు అడ్డము లేవు. ఇక అడ్డము ఎవరు?

కొంతవరకు మనమే. పిహెచ్.డి.కి అయిదారు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లే మన ఇండ్లలో పెండ్లి మాటలు నడచు ఏండ్లు. మంచి సంబంధము వచ్చినదని పరిశోధన సగములో మాన్పించిన ఇండ్లు మన ఎరుకలో లేవా? కుమారుడైతే అప్పు చేసి విదేశమునకు పంపుదుము, కుమార్తెయైతే దగ్గరలోని కళాశాల చాలునందుము. కాన్పు తరువాత తిరిగి ప్రయోగశాలకు వెళ్లదలచిన కోడలికి బిడ్డను చూచి పెట్టు చేతులు దొరకవు. చివరకు మనమే ఆమెకు ఓపిక లేదని తేల్చుదుము.

కొర్నేలియా గారి జీవితములో తలుపు తీసినవారు ముగ్గురు రకముల వారు. కూతుళ్ల చదువును బరువు అనుకొనని తల్లిదండ్రులు ఒకరు. ప్రభుత్వము కాదన్నప్పుడు చందా వేసికొన్న స్నేహితులు రెండవవారు. తన గ్రంథాలయపు తలుపును తానే తీసిన అధికారి మూడవవాడు. ఈ ముగ్గురును మన సంఘములలో ఉన్నారు. తల్లిదండ్రులము మనమే. కానుకలు వేయువారము మనమే. బడులలో, కళాశాలలలో, ఆసుపత్రులలో, కమిటీలలో కూర్చున్నవారమును మనమే.

కావున ఈ నూరేండ్ల సంవత్సరమున మా విన్నపము ఒక్కటే. ఫలితముల ఆదివారమున ముందుకు పిలిచిన ఆడపిల్లల పేర్లు ప్రతి పాస్టరేటులోను ఒక పుస్తకమున వ్రాసి ఉంచుదము. మరుసటి సంవత్సరము, ఆ మరుసటి సంవత్సరము ఆ పుస్తకము తెరచి, ఈ అమ్మాయి ఎక్కడ ఉన్నదని అడుగుదము. చదువు ఆగియున్న చోట ఏల ఆగినదో తెలిసికొని, సొమ్ము లేక ఆగినచో సొమ్ము, తోడు లేక ఆగినచో తోడు కూర్చుదము. మన పిల్లలలో ఎవరును తాము గెలిచినదాని కొరకు 30 ఏండ్లు కనిపెట్టుకొని ఉండకుందురు గాక.